సాక్సఫోన్‌పై సస్పెండెడ్ కార్డుల సాధన: గాంధారాన్ని నిలిపి ఉంచే విద్య

వ్యాస సంగ్రహం:

పాశ్చాత్య సంగీతంలో కార్డు అంటే ఒకేసారి వినిపించే కొన్ని స్వరాల కలయిక. సాక్సఫోన్ ఒకసారికి ఒక స్వరాన్ని మాత్రమే పలికే వాద్యం. అటువంటి వాద్యంపై కార్డును, అందులోనూ మూడవ స్వరాన్ని తొలగించి నాలుగవ స్వరాన్నో రెండవ స్వరాన్నో నిలిపే సస్పెండెడ్ కార్డును, అభ్యసించడం ఎలా సాధ్యం? ఈ ప్రశ్నకు సమాధానం అన్వేషించడమే ఈ వ్యాస లక్ష్యం. సస్పెన్షన్ అనే భావన పుట్టుక, దాని స్వరనిర్మాణం, 1959-65 మధ్య అమెరికా జాజ్ సంగీతంలో అది పొందిన స్వతంత్రత, మధ్యమావతి, రేవతి రాగాలతో దానికి గల సామ్యభేదాలు, సాక్సఫోన్ నిర్మాణం వల్ల ఎదురయ్యే సమస్యలు ఇందులో వివరించబడ్డాయి. వీటి ఆధారంగా ఐదు దశల సాధనక్రమం ప్రతిపాదించబడింది.

కీలక పదాలు: సాక్సఫోన్, సస్పెండెడ్ కార్డు, జాజ్, శుద్ధ మధ్యమం, అంతర గాంధారం, మధ్యమావతి, రేవతి, సంవాదిత్వం, శ్రుతి.

1. ఉపోద్ఘాతం:

పియానో, గిటార్ వంటి వాద్యాలపై కార్డు నేర్చుకోవడం అంటే ముందుగా చేతి అమరికను నేర్చుకోవడం. వేళ్లు సరైన చోట ఉంటే కార్డు వినిపిస్తుంది. వాదకుని చెవి కొంత వెనుకబడినా వాద్యం ఆ లోటును కప్పిపుచ్చుతుంది. సాక్సఫోన్ విషయంలో ఈ సౌకర్యం లేదు. స్వరాలు ఒకదాని తరువాత ఒకటిగా మాత్రమే వస్తాయి. ఒక ఊపిరిలో అనేక ధ్వనులను పలికించే మల్టీఫోనిక్స్ అనే ప్రత్యేక వాదన పద్ధతి ఉన్నది. జాన్ కోల్ట్రేన్ 1959లో ధ్వనిముద్రణ చేసిన 'హార్మొనిక్' అనే రచనలో దానిని వినియోగించాడు. అయితే అది ధ్వనివైచిత్రి కోసం వాడే పద్ధతే కాని, కోరిన కార్డును కోరిన శ్రుతిలో పలికించగల సాధారణ మార్గం కాదు.

కాబట్టి సాక్సఫోన్‌పై కార్డు అనేది శ్రోత మనసులో కూడవలసిన చిత్రం. ముందు విన్న స్వరాన్ని జ్ఞాపకం ఉంచుకొని, తరువాతి స్వరాన్ని దానికి జోడించి, శ్రోతే కార్డును నిర్మించుకుంటాడు. మేజర్, మైనర్ కార్డుల విషయంలో ఈ నిర్మాణం సులభం. మూడవ స్వరం, అంటే గాంధారం, వినిపించగానే కార్డు స్వభావం తేటతెల్లమవుతుంది. సస్పెండెడ్ కార్డులో ఆ గాంధారమే ఉండదు. లేని స్వరాన్ని, అది లేదని తెలిసేలా వినిపించడం ఎట్లా అన్నదే ఇక్కడి అసలు సమస్య. సస్పెండెడ్ కార్డు సాక్సఫోన్‌పై వేళ్ల అమరికలో కన్నా కాలంలో స్వరాలను నిలిపే తీరులో ఉంటుందని ఈ వ్యాసం నిరూపించ ప్రయత్నిస్తుంది.

2. సస్పెన్షన్: పదం, భావన:

'సస్పెన్షన్' అనే పదానికి వేలాడదీయడం, నిలిపి ఉంచడం అని అర్థం. ఈ భావన ఐరోపా బహుగాత్ర సంగీతంలో, అంటే అనేక గాత్రాలు వేర్వేరు వరుసలను ఏకకాలంలో పాడే సంగీతంలో పుట్టింది. పదహారవ శతాబ్దానికి చెందిన పాలెస్ట్రీనా రచనలలో ఇది పరిణత రూపంలో కనిపిస్తుంది. 1725లో యోహాన్ యోజెఫ్ ఫుక్స్ ప్రచురించిన 'గ్రాదుస్ అద్ పర్నాస్సుమ్' అనే లాటిన్ గ్రంథం దీనిని నాలుగవ రకపు కౌంటర్‌పాయింట్ అభ్యాసంగా బోధించింది.

ఈ ప్రక్రియలో మూడు అంగాలున్నాయి. మొదటిది సన్నాహం. ఒక స్వరం ముందటి కార్డులో పొందికగా, అనుకూలంగా వినిపిస్తుంది. రెండవది నిలుపుదల. కింది గాత్రాలు తరువాతి కార్డుకు కదిలినా ఆ స్వరం మాత్రం తన చోటనే ఉండిపోతుంది. అప్పుడు బలమైన మాత్రపై వైరుధ్యం ఏర్పడుతుంది. మూడవది పరిష్కారం. నిలిచిన స్వరం ఒక మెట్టు కిందికి దిగి కొత్త కార్డులో ఒదిగిపోతుంది. నాలుగవ స్వరం మూడవ స్వరానికి దిగడం వీటిలో ప్రసిద్ధమైనది. మన పరిభాషలో చెప్పాలంటే శుద్ధ మధ్యమం అంతర గాంధారానికి దిగడం.

ఇక్కడ రెండు అంశాలు గమనార్హం. ఒకటి, సస్పెన్షన్ మొదట కార్డు పేరు కాదు, ఒక గాత్రపు నడకకు పేరు. రెండు, వైరుధ్యం బలమైన మాత్రపైనే పడాలన్నది దాని ప్రాణసూత్రం. ఏకస్వర వాద్యమైన సాక్సఫోన్‌కు ఈ పాత అర్థమే, అంటే ఒకే గాత్రపు నడక అనే అర్థమే, సహజంగా సరిపోతుంది.

3. స్వరనిర్మాణం:

సస్పెండెడ్ కార్డులు ప్రధానంగా రెండు విధాలు. సస్ 4 కార్డులో షడ్జం, శుద్ధ మధ్యమం, పంచమం ఉంటాయి. సస్ 2 కార్డులో షడ్జం, చతుశ్శ్రుతి రిషభం, పంచమం ఉంటాయి. 'డి' స్వరాన్ని షడ్జంగా తీసుకుంటే డి సస్ 4 కార్డులో డి, జి, ఎ స్వరాలు. డి సస్ 2 కార్డులో డి, ఇ, ఎ స్వరాలు వస్తాయి. రెండింటిలోనూ ఎఫ్ షార్ప్ గాని, ఎఫ్ గాని లేదు. అందువల్ల అవి మేజరూ కావు, మైనరూ కావు.

భరతుని నాట్యశాస్త్రం తొమ్మిది లేదా పదమూడు శ్రుతుల దూరంలో ఉన్న స్వరాలను పరస్పరం సంవాదులుగా పేర్కొన్నది. షడ్జగ్రామంలో స-మ ల మధ్య దూరం తొమ్మిది శ్రుతులు. స-ప ల మధ్య పదమూడు. అంటే సస్ 4 కార్డులోని రెండు పై స్వరాలూ షడ్జానికి సంవాదులే. వాటి మధ్య ఉన్న నాలుగు శ్రుతుల దూరంలోనే, అంటే మ-ప ల ఇరుగుపొరుగులోనే, ఈ కార్డు ఒరిపిడి అంతా ఇమిడి ఉన్నది.

ధ్వనిశాస్త్ర రీత్యా ఈ మూడు స్వరాల సహజ నిష్పత్తి 6:8:9. సహజ మధ్యమం షడ్జానికి 498 సెంట్ల ఎత్తున ఉంటే, పియానోలోని సమవిభక్త మధ్యమం 500 సెంట్ల ఎత్తున ఉంటుంది. పంచమం విషయంలో ఈ అంకెలు 702, 700. తేడా రెండేసి సెంట్లు మాత్రమే. అంతర గాంధారం సహజంగా 386 సెంట్లు, పియానోపై 400 సెంట్లు. తేడా సుమారు 14 సెంట్లు. దీనిని బట్టి ఒక ఆచరణాత్మక విషయం తెలుస్తుంది. మేజర్ కార్డు వాయించేటప్పుడు సాక్సఫోన్ వాదకుడు గాంధారాన్ని ఎక్కడ నిలపాలో సందర్భాన్ని బట్టి నిర్ణయించుకోవలసి వస్తుంది. సస్పెండెడ్ కార్డులో ఆ సందిగ్ధం లేదు. శ్రుతి కుదిరిందా లేదా అన్నది స్పష్టంగా తెలిసిపోతుంది. అందువల్ల ఈ కార్డు శ్రుతిశుద్ధికి చక్కని పరీక్ష.

మరొక విశేషం, డి సస్ 4 లోని డి, జి, ఎ స్వరాలనే జి నుంచి మొదలుపెడితే జి, ఎ, డి అవుతాయి. అది జి సస్ 2 కార్డు. ఎ నుంచి మొదలుపెడితే ఎ, డి, జి వస్తాయి. ఇవి ఒకదానిపై ఒకటి పేర్చిన రెండు చతుర్థ అంతరాలు. ఒకే మూడు స్వరాలకు మూడు ముఖాలున్నాయన్నమాట. బాస్ వాద్యం తోడుంటే ఏది షడ్జమో అది చెబుతుంది. సాక్సఫోన్ ఒంటరిగా ఉన్నప్పుడు ఆ బాధ్యత వాదకునిదే.

4. జాజ్ సంగీతంలో స్వతంత్ర స్థానం:

పరిష్కారం కోరే స్వరంగా మొదలైన సస్పెన్షన్, జాజ్ సంగీతంలో పరిష్కారం అక్కరలేని రంగుగా మారింది. ఈ మార్పు 1959-65 సంవత్సరాల మధ్య స్పష్టంగా కనిపిస్తుంది. 1959లో మైల్స్ డేవిస్ ధ్వనిముద్రణ చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ'లోని 'సో వాట్' రచనలో బిల్ ఎవాన్స్ పియానోపై మూడు చతుర్థాలను పేర్చి, వాటి మీద ఒక తృతీయాన్ని ఉంచాడు. కార్డును తృతీయాలతోనే కట్టాలన్న అలవాటు అక్కడ సడలింది. 1964 డిసెంబరు 9న ధ్వనిముద్రణ జరిగిన కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్'లో మెకాయ్ టైనర్ పియానో చతుర్థాలపై నడుస్తుంది. దాని మొదటి భాగాన్ని నడిపే నాలుగు స్వరాల పదం ఎఫ్, ఎ ఫ్లాట్, ఎఫ్, బి ఫ్లాట్. ఇందులో మైనర్ తృతీయం ఉన్నది కనుక ఇది కచ్చితంగా సస్పెండెడ్ కార్డు కాదు. అయితే పదం చేరుకునే గమ్యం మధ్యమమే. ఆ భాగం చివర కోల్ట్రేన్ టెనర్ సాక్సఫోన్‌పై ఈ పదాన్ని పన్నెండు శ్రుతులలోనూ తిప్పుతాడు. సాధకులకు ఇది గొప్ప పాఠం.

సస్పెండెడ్ కార్డునే పునాదిగా చేసుకున్న రచనలలో హెర్బీ హాంకాక్ 'మెయిడెన్ వాయేజ్' (1965) ప్రముఖమైనది. ఇందులో టెనర్ సాక్సఫోన్ జార్జ్ కోల్‌మన్, ట్రంపెట్ ఫ్రెడ్డీ హబర్డ్, బాస్ రాన్ కార్టర్, డ్రమ్స్ టోనీ విలియమ్స్ వాయించారు. రచన 32 బార్ల నిడివి కలది. ఎనిమిదేసి బార్ల భాగాలు ఎ-ఎ-బి-ఎ క్రమంలో వస్తాయి. 'ఎ' భాగంలో నాలుగు బార్లు డి సస్, నాలుగు బార్లు ఎఫ్ సస్. 'బి' భాగంలో నాలుగు బార్లు ఇ ఫ్లాట్ సస్, నాలుగు బార్లు సి షార్ప్ మైనర్. అంటే 32 బార్లలో 28 బార్లు సస్పెండెడ్ కార్డులే. ఏ సస్ కార్డూ గాంధారానికి దిగదు. ఒక నిలుపుదల నుంచి మరొక నిలుపుదలకు ప్రయాణం సాగుతుంది.

జాజ్‌లో ఈ కార్డుకు సాధారణంగా కైశికి నిషాదం, రిషభం కూడా చేరుతాయి. అప్పుడు డి సస్ కార్డులో డి, ఇ, జి, ఎ, సి స్వరాలుంటాయి. పియానో వాదకులు దీనిని డి బాస్‌పై సి మేజర్ కార్డుగానో, డి బాస్‌పై ఎ మైనర్ 7 కార్డుగానో భావిస్తారు. సాక్సఫోన్ వాదకునికి ఈ దృష్టి ఎంతో ఉపయోగకరం. బాస్ డి పలుకుతున్నప్పుడు సాక్సఫోన్‌పై సి, ఇ, జి మాత్రమే వాయించినా సస్పెండెడ్ కార్డు పూర్తవుతుంది.

నాలుగవ స్వరం మూడవ స్వరం స్థానాన్ని పూర్తిగా ఆక్రమిస్తుందన్న నిర్వచనాన్ని జాజ్ ఆచరణ కొంత సవరించింది. మధ్యమానికి పైన, పై స్థాయిలో గాంధారాన్ని కూడా ఉంచే పియానో అమరికలున్నాయని మార్క్ లెవీన్ తన 'ది జాజ్ పియానో బుక్' (1989) లో చూపాడు. అయితే సాక్సఫోన్ సాధకుడు ముందుగా గాంధారం లేకుండా కార్డును నిలపడం నేర్చిన తరువాతనే ఈ సడలింపును స్వీకరించడం ఉచితం.

5. మధ్యమావతి, రేవతి: సామ్యం, భేదం:

పైన చెప్పిన డి, ఇ, జి, ఎ, సి స్వరాలను మన పరిభాషలోకి మారిస్తే స, రి, మ, ప, ని అవుతాయి. చతుశ్శ్రుతి రిషభం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. ఇది మధ్యమావతి రాగ స్వరస్థానాల సముదాయం. కచేరీ ముగింపులో వినిపించే రాగంగా, శ్యామశాస్త్రి 'పాలించు కామాక్షి', త్యాగరాజు 'రామకథాసుధ' కృతుల రాగంగా ఇది తెలుగువారికి చిరపరిచితం. రిషభాన్ని శుద్ధ రిషభంగా మారిస్తే రేవతి స్వరాలు వస్తాయి. అన్నమయ్య 'నానాటి బతుకు' సంకీర్తన ప్రసిద్ధమైన బాణీ ఈ రాగంలోనిదే. జాజ్‌లో ఫ్లాట్ 9 చేర్చిన సస్ కార్డు స్వరాలు సరిగ్గా ఇవే. మోహన రాగ స్వరాలను రిషభం షడ్జంగా గ్రహభేదం చేస్తే మధ్యమావతి వస్తుంది. డి సస్ కార్డుపై సి మేజర్ పెంటటానిక్ వాయించమని జాజ్ అధ్యాపకులు చెప్పే సూచన సారాంశం ఇదే. సి నుంచి మోహనం, డి నుంచి మధ్యమావతి.

కర్ణాటక సంగీత పరిచయం ఉన్న సాధకునికి ఈ సామ్యం పెద్ద సహాయం. అయితే దీనిని సమానత్వంగా భావిస్తే పొరపాటు జరుగుతుంది. మధ్యమావతిలో గాంధారం వర్జ్యస్వరం. అది ఆ రాగలోకంలో లేనే లేదు. దాని కోసం శ్రోత ఎదురుచూడడు. మధ్యమం అక్కడ దేనినీ వాయిదా వేయడం లేదు. తన సొంత ఇంట్లో ఉన్నది. సస్పెండెడ్ కార్డులో గాంధారం వర్జ్యం కాదు, వాయిదా పడినది. అది రాకపోయినా, రావచ్చునన్న స్పృహ కార్డు రుచిలో భాగం. 'మెయిడెన్ వాయేజ్'లో గాంధారానికి దిగే పరిష్కారం ఎన్నడూ రాదు. ఎదురుచూపు తీరకపోవడమే అక్కడి అనుభవం.

ఈ ఎదురుచూపుకు ఒక భౌతిక ఆధారం కూడా ఉన్నది. శ్రుతి చక్కగా కుదిరిన తంబూరాలో షడ్జపు తీగ మీటితే అంతర గాంధారం సన్నగా వినిపిస్తుంది. దానిని స్వయంభూ గాంధారం అంటారు. అది ఆ తీగ ఐదవ అనుస్వరం. షడ్జం మోగుతున్న చోటల్లా గాంధారం నీడవలె ఉంటుంది. దానిపై మధ్యమాన్ని సూటిగా, గమకం లేకుండా నిలిపితే ఆ నీడతో ఒరిపిడి కలుగుతుంది. మధ్యమం కిందికి దిగాలని తహతహలాడినట్లు వినిపించడానికి ఇదొక కారణం.

భేదం గమకంలో మరింత స్పష్టం. మధ్యమావతిలో రిషభ నిషాదాలు గమకంతోనే జీవిస్తాయి. పియానో, బాస్ తోడున్న జాజ్ బృందంలో ఆ స్వరాలను అదే రీతిలో కంపింపజేస్తే కార్డు స్వరాల అంచులు చెదిరి, ఏ స్వరం నిలిచి ఉన్నదో తెలియకుండా పోతుంది. ఆల్టో సాక్సఫోన్‌ను కర్ణాటక సంగీతానికి అనువుగా మలచిన కద్రి గోపాల్‌నాథ్ (1949-2019) వాదనంలో స్వరం నుంచి స్వరానికి జారే గమకమే ప్రాణం. ఆయన, అమెరికా ఆల్టో వాదకుడు రుద్రేశ్ మహంతప్ప కలిసి చేసిన 'కిన్స్‌మెన్' (2008) ఆల్బమ్‌లో ఒకే వాద్యంపై రెండు సంప్రదాయాలు స్వరాన్ని పలికే తీరులను పక్కపక్కన వినవచ్చు. సాధకుడు రెంటినీ విని, ఏ సందర్భంలో స్వరాన్ని నిశ్చలంగా నిలపాలో, ఎక్కడ కదిలించాలో తెలుసుకోవాలి.

6. వాద్య స్వభావం:

అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో పేటెంట్ పొందిన ఈ వాద్యపు గొట్టం శంఖాకృతి గలది. అందువల్ల ఆక్టేవ్ మీట నొక్కినప్పుడు స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి వెళుతుంది. మధ్యస్థాయిలోని డి నుంచి ఈ మీట అవసరమవుతుంది.

సాక్సఫోన్ ట్రాన్స్‌పోజింగ్ వాద్యం. అంటే రాసిన స్వరం ఒకటి, వినిపించే స్వరం మరొకటి. రాతలోని డి స్వరం ఆల్టోపై ఎఫ్‌గా, టెనర్‌పై సి గా వినిపిస్తుంది. కనుక పియానోపై డి సస్ కార్డు టెనర్ వాదకునికి ఇ సస్, ఆల్టో వాదకునికి బి సస్ అవుతుంది. ఈ లెక్క ప్రతిసారీ మనసులో వేసుకోవడం కన్నా, షడ్జానికి సంబంధించిన స్వరస్థానంగా ఆలోచించడం మేలు. ఇక్కడ మన సరిగమల పద్ధతి పాశ్చాత్య అక్షరాల కన్నా ఉపయుక్తం. ఏ వాద్యంపైనైనా, ఏ శ్రుతిలోనైనా సస్ 4 కార్డు స-మ-ప లే.

వేళ్ల కదలికను చూద్దాం. రాతలోని కింది డి స్వరానికి రెండు చేతులవి మూడేసి వేళ్లు మూయాలి. జి స్వరానికి ఎడమచేతి మూడు వేళ్లు చాలు. ఎ స్వరానికి ఎడమచేతి మొదటి రెండు వేళ్లు. అంటే డి-జి-ఎ అనే వరుసలో వేళ్లు క్రమంగా లేవడమే ఉన్నది. ఆరంభానికి ఈ శ్రుతి అనుకూలం. అదే జి సస్ 4, అంటే జి-సి-డి, తీసుకుంటే పరిస్థితి వేరు. సి స్వరానికి ఎడమచేతి నడిమి వేలు ఒక్కటే మూయాలి. అక్కడి నుంచి పై డి స్వరానికి మరో ఐదు వేళ్లు, బొటనవేలితో ఆక్టేవ్ మీట ఒక్కసారిగా నొక్కాలి. వాద్యపు రెండు స్థాయిల మధ్య ఉన్న ఈ గడపను దాటేటప్పుడు ధ్వని తెగడమో, పెదవి బిగియడమో జరుగుతుంది. పైగా చాలా సాక్సఫోన్లలో ఈ డి స్వరం కొంచెం హెచ్చుగా పలుకుతుంది. మ-ప ల ఒరిపిడే ఈ కార్డుకు ప్రాణం. ఆ రెండు స్వరాల మధ్యనే ఈ గడప పడితే అభ్యాసం రెట్టింపు కావాలి.

7. సాధనక్రమం:

7.1 శ్రుతిలో నిలుపుదల: శ్రుతి పెట్టెను ఆల్టో వాదకుడు నాలుగు శ్రుతిలో (ఎఫ్), టెనర్ వాదకుడు ఒకటి శ్రుతిలో (సి) పెట్టుకోవాలి. ఇద్దరికీ రాతలోని డి షడ్జమవుతుంది. షడ్జం, పంచమం, మధ్యమం ఈ క్రమంలో ఒక్కొక్కటి ఎనిమిదేసి మాత్రలు నిలపాలి. పంచమం శ్రుతిలో కరిగిపోవాలి. మధ్యమం కరగకూడదు, కాని తొణకనూ కూడదు. ధ్వనిలో అలలు అలలుగా కొట్టుకోవడం వినిపిస్తే వేలితో కాక పెదవి, గొంతు అమరికతో సరిచేసుకోవాలి. తరువాత మధ్యమం నుంచి అంతర గాంధారానికి దిగి ఆగాలి. ఆ విశ్రాంతిని బాగా విన్న తరువాత, మళ్లీ మధ్యమం పట్టి ఈసారి దిగకుండా ఊపిరి ముగించాలి. ఈ రెండు ముగింపుల తేడా చెవికి తెలిసిన నాడు సాధనలో సగం పూర్తయినట్లే.

7.2 మూడు ముఖాలు: డి-జి-ఎ, జి-ఎ-డి, ఎ-డి-జి అనే మూడు వరుసలను ఆరోహణ అవరోహణలలో, ముందు ఒక్కో స్వరాన్ని నాలుకతో విడదీసి, పిదప ఒకే ఊపిరిలో కలిపి వాయించాలి. తృతీయాల దూకుళ్లకు అలవాటుపడిన పెదవి చతుర్థం వద్ద తడబడుతుంది. పై స్వరానికి పెదవి బిగించకుండా, గాలి వేగంతోనే చేరడం అభ్యసించాలి. తరువాత షడ్జాన్ని చతుర్థాల వరుసలో (డి, జి, సి, ఎఫ్...) మారుస్తూ పన్నెండు శ్రుతులు పూర్తి చేయాలి.

7.3 సన్నాహం, నిలుపుదల, పరిష్కారం: నాలుగు బార్ల అభ్యాసం. మొదటి బార్‌లో జి మేజర్ స్వరాలు (జి, బి, డి) వాయించి జి పై ముగించాలి. రెండవ బార్ మొదటి మాత్రపై అదే జి ని నిలిపి, డి, ఎ స్వరాలను బలహీనమైన మాత్రలలో తాకాలి. మూడవ బార్ మొదటి మాత్రపై ఎఫ్ షార్ప్‌కు దిగాలి. నాలుగవ బార్‌లో డి పై ఆగాలి. ఇది ఫుక్స్ నాటి పద్ధతి. దీనినే రెండవసారి వాయిస్తూ మూడవ బార్‌లో కూడా జి నే నిలపాలి. ఇది హాంకాక్ నాటి పద్ధతి. ఎఫ్ షార్ప్‌ను బలహీనమైన మాత్రలో తాకి వెళ్లినా కార్డు చెడదు. బలమైన మాత్రపై అది పడితే సస్పెన్షన్ అక్కడితో సమాప్తం. కార్డు కాలంలో ఉంటుందన్న ప్రతిపాదనకు ఇదే ప్రత్యక్ష నిదర్శనం.

7.4 షడ్జ పరీక్ష: తోడు వాద్యం, శ్రుతి లేకుండా డి సస్ 4 ఆధారంగా ఎనిమిది బార్లు స్వేచ్ఛగా వాయించి, వింటున్న సహాధ్యాయిని షడ్జం పాడమని అడగాలి. ఆయన డి పాడితే కార్డు నిలిచినట్లు. జి పాడితే, మధ్యమాన్ని నిలపాలన్న ఆత్రుతలో దానినే షడ్జంగా మార్చి, జి సస్ 2 వినిపించారన్నమాట. సాధకులు తరచుగా చిక్కుకునే చోటు ఇది. నివారణ ఏమిటంటే పదం ఆరంభంలో డి-ఎ పంచమాన్ని స్థాపించి, ఆ తరువాతే మధ్యమానికి బలం ఇవ్వడం. పదాంతంలో మధ్యమం నుంచి కింది షడ్జానికి కాక, పంచమం మీదుగా షడ్జానికి చేరడం.

7.5 కదిలే షడ్జం: చివరి దశలో 'మెయిడెన్ వాయేజ్' చట్రాన్ని అభ్యసించాలి. రాతలోని శ్రుతులు ఇవి.

పియానో: డి సస్, ఎఫ్ సస్, ఇ ఫ్లాట్ సస్, సి షార్ప్ మైనర్.
టెనర్: ఇ సస్, జి సస్, ఎఫ్ సస్, ఇ ఫ్లాట్ మైనర్.
ఆల్టో: బి సస్, డి సస్, సి సస్, బి ఫ్లాట్ మైనర్.

కర్ణాటక సంగీత శిక్షణ పొందినవారికి ఇది అన్నిటికన్నా కష్టమైన మెట్టు. ఆధారషడ్జం స్థిరమన్న నమ్మకంపై ఆ శిక్షణ నిలిచి ఉన్నది. ఇక్కడ నాలుగు బార్లకొకసారి షడ్జమే కదులుతుంది. ఈ కదలికలో పట్టుకొమ్మలు ఉమ్మడి స్వరాలే. పియానో శ్రుతిలో చూస్తే డి సస్ (డి, ఇ, జి, ఎ, సి), ఎఫ్ సస్ (ఎఫ్, జి, బి ఫ్లాట్, సి, ఇ ఫ్లాట్) రెండింటిలోనూ జి, సి ఉన్నాయి. జి మొదటిదానిలో మధ్యమం, రెండవదానిలో రిషభం. సి మొదటిదానిలో నిషాదం, రెండవదానిలో పంచమం. నాలుగవ బార్ చివర జి ని పట్టి, కార్డు మారుతున్నప్పుడు దానిని వదలకుండా ఉంటే, స్వరం కదలకుండానే దాని పేరు మారిపోవడం వినిపిస్తుంది. ఎఫ్ సస్ నుంచి ఇ ఫ్లాట్ సస్‌కు పోయేటప్పుడు బి ఫ్లాట్ మధ్యమం నుంచి పంచమంగా మారుతుంది. ఇ ఫ్లాట్ సస్ నుంచి సి షార్ప్ మైనర్‌కు పోయేటప్పుడు ఎ ఫ్లాట్ (జి షార్ప్) అదే విధంగా మధ్యమం నుంచి పంచమమవుతుంది. పాత కౌంటర్‌పాయింట్‌లోని సన్నాహ, నిలుపుదలలే ఇక్కడ కొత్త రూపంలో పనిచేస్తున్నాయి. ముందు ఉమ్మడి స్వరాలతో మాత్రమే, ఆపై ప్రతి కార్డుకు తగిన మధ్యమావతి స్వరాలతో (చివరి మైనర్ కార్డుకు సాధారణ గాంధారం చేర్చి) స్వరకల్పన చేయాలి.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు స్పష్టమవుతున్నాయి.

1. సస్పెన్షన్ పుట్టుకతో ఒక గాత్రపు నడక. కనుక ఏకస్వర వాద్యమైన సాక్సఫోన్‌పై దాని సాధన ఆ భావన మూలార్థానికి దగ్గరైనదే.

2. సాక్సఫోన్‌పై ఈ కార్డును నిర్ణయించేది ఏ స్వరాలు వాయించామన్నది మాత్రమే కాదు. ఏ స్వరం బలమైన మాత్రపై నిలిచింది, ఏది తాకి వెళ్లింది, ఏది వాయిదా పడింది అన్నది.

3. మధ్యమావతి, రేవతి రాగాల పరిచయం స్వరస్థానాలను పట్టుకోవడానికి తోడ్పడుతుంది. అయితే వర్జ్యమైన గాంధారానికి, వాయిదా పడిన గాంధారానికి ఉన్న తేడాను అధ్యాపకుడు మొదటి రోజునే విద్యార్థి చెవికి పరిచయం చేయాలి.

4. శ్రుతి పెట్టె, సరిగమల పరిభాష, గ్రహభేద జ్ఞానం జాజ్ బోధనకు అడ్డంకులు కావు. ట్రాన్స్‌పోజింగ్ వల్ల కలిగే గందరగోళాన్ని తొలగించే సాధనాలుగా అవి పనికివస్తాయి.

మన సంగీత కళాశాలలలో పాశ్చాత్య వాద్యాలను బోధించేటప్పుడు కార్డుల పాఠాన్ని పియానోకు వదిలివేసి, ఊదే వాద్యాల విద్యార్థులకు వరుసలు మాత్రమే నేర్పడం పరిపాటి. ఊదే వాద్యపు విద్యార్థి పియానో విద్యార్థి కన్నా లోతుగా కార్డును వినవలసి ఉంటుంది, ఎందుకంటే తాను పలకని స్వరాలను కూడా అతడే మోయాలి. నాదస్వర, క్లారినెట్, వేణువు విద్యార్థులకు కూడా పై ఐదు దశలను తగిన మార్పులతో అన్వయించవచ్చు. ఆ దిశగా జరిగే పరిశోధన మన బోధనా పద్ధతులకు మేలు చేస్తుంది.